ఎడమ నడుం మీద బిందె

"ఇంకొక్కసారి దించు బిడ్డా," అన్నారు మాస్టారు.

బిందె నేల మీద పెట్టాను. నా ఎడమ పక్కన నిలబడ్డవాడు టక్కున కూర్చున్నాడు.

"ఎత్తు."

ఎత్తి నడుం మీద పెట్టుకున్నాను. వాడూ లేచాడు.

"ఇగ నడువు. నోరు మాత్రం మెదపకు. ఒక్క ముక్క గూడ అనొద్దు."

నాకు అదే కష్టం. నేను నోరు మూసుకుని పదడుగులు నడవడం మా అమ్మ చూసి ఉంటే, తను ఆయాగా పనిచేసే దవాఖానకే తీసుకుపోయి చూపించేది. అయినా పెదాలు బిగించి నడిచాను. నీళ్లు నిండిన స్టీలు బిందె ఎడమ నడుం మీద, కుక్క గొలుసు కుడిచేతి మణికట్టుకి. గచ్చిబౌలిలో రాళ్లగుట్టల మధ్య చదును చేసి వదిలేసిన ఎర్రమట్టి స్థలం అది. ఆ చివర నుంచి ఈ చివరకి వచ్చాం. గొలుసు ఎక్కడా బిగుసుకోలేదు. "గొలుసు ఊయల లెక్క వేలాడాలె" అని మాస్టారు మొదటి రోజే చెప్పారు. అచ్చం అలాగే వేలాడింది. వారం కిందట ఇదే చోట ఇదే కుక్క నన్ను తుమ్మ పొద దాకా ఈడ్చుకుపోయి, నా చున్నీ అక్కడే తగిలించి వచ్చిందంటే ఎవరూ నమ్మరు.

మాస్టారు దగ్గరికి వచ్చి, "ఇగ నాకియ్యి" అని బిందె తీసుకున్నారు. పోలీసుల కుక్కల దళంలో పనిచేసి రిటైరయిన మనిషి. ఆరడుగుల ఎత్తు, తెల్లటి మీసాలు, మడత నలగని ఖాకీ ప్యాంటు. ఆ మనిషి నడుం మీద బిందె పెట్టుకుని వయ్యారంగా వంగి నిలబడితే నాకు నవ్వు ఆగలేదు. ఆయన నవ్వలేదు. నడక మొదలుపెట్టారు.

మావాడు లేచాడు. గొలుసు నా చేతిలోంచి జారిపోయింది. ఆయన ఎడమ కాలు పక్కనే, బిందె కిందనే, బుద్ధిగా నడుచుకుంటూ పోయాడు. ఒక్కసారైనా తల తిప్పి నా వైపు చూడలేదు.

ఆ చివర్న ఆయన బిందె దించారు. వాడు కూర్చున్నాడు.

"చూసినవా బిడ్డా?" అక్కడి నుంచే అరిచారు. "గీడు నీ మాట ఇంటలేడు. గీ బిందె చెప్తే ఇంటుండు."

అప్పటిదాకా నవ్విన నాకు ఒక్కసారిగా ఏడుపొచ్చింది. ఎందుకంటే "నా మాట వింటాడు సార్, నా మాటే వింటాడు" అని నేను ఒకసారి కాదు, ముప్పై సార్లు చెప్పుకుని తిరిగాను. ఆ మాట మీదనే వాడి బతుకంతా ఆధారపడి ఉంది.

నాకప్పుడు ఇరవై ఏళ్లు. తొమ్మిదో తరగతితో బడి మానేశాను. చందానగర్‌లో మా ఇల్లు. పొద్దున్నే సెవెన్ సీటర్ ఆటోలో పదకొండో మనిషిగా ఇరుక్కుని కొండాపూర్ వచ్చేదాన్ని. అక్కడ కొత్తగా లేచిన ఇళ్లల్లో ఒకదాంట్లో సార్, మేడం కిరాయికి ఉండేవాళ్లు. ఇద్దరిదీ గోదావరి జిల్లా. మేడం బడిలో టీచరు. సార్ హైటెక్ సిటీలో కొత్తగా కట్టిన గుండ్రటి అద్దాల మేడలో కంప్యూటర్ల పని. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ లెక్క తప్పి తికమక పడతాయట, అలా పడకుండా ముందే సరిచేసే పని అని మేడం చెప్పింది. కుక్కకే ముందుగా చెప్పి సరిచేయలేకపోతున్నాం, డబ్బాలకి ఎలా చెప్తారో అనుకునేదాన్ని.

మేడం ఒక లాబ్రడార్ పిల్లని తెచ్చింది. పసుపు రంగు, అరచేతుల్లో పట్టేంత. ఏడు నెలలకి దూడంత అయ్యాడు. మేడం పెట్టిన ఇంగ్లీషు పేరొకటి ఉంది గానీ నాకు నోరు తిరగక "అరేయ్" అని పిలిచేదాన్ని. వాడు అదే తన పేరనుకున్నాడు. రోడ్డు మీద ఎవరు ఎవర్ని "అరేయ్" అన్నా తోక ఊపుకుంటూ పోయేవాడు.

ఆ ఇంట్లో నాకు రెండు పనులు. ఒకటి వాణ్ణి చూసుకోవడం. రెండోది తాగే నీళ్లు తేవడం. ఇంట్లో బోరు నీళ్లు ఉప్పగా ఉండేవి, వాటితో పప్పు ఉడికేది కాదు. అందుకని పాత కొండాపూర్ ఊళ్లో ఉన్న బోరింగ్ దగ్గరికి పోయి, పంపు కొట్టి ఒక బిందె మంచినీళ్లు తెచ్చేదాన్ని. రెండు పనులకి రెండుసార్లు ఎందుకు తిరగాలని వాణ్ణి కూడా వెంట తీసుకుపోయేదాన్ని. మొదట్లో నన్ను మురిక్కాలవల్లోకి లాగేవాడు. ఎండాకాలం వచ్చాక ఉన్నట్టుండి బుద్ధిమంతుడయ్యాడు. ఎందుకో నేను ఆలోచించలేదు. నిండు బిందె తొణికి చుక్కలు చుక్కలుగా వాడి నెత్తి మీద పడేవి. ఆ చల్లదనం కోసం బిందె కిందనే నడిచేవాడు. పోయేటప్పుడు ఖాళీ బిందె కింద కూడా నడిచేవాడు, ఆశతో.

బోరింగ్ దగ్గర ఆడవాళ్లందరూ బిందెలు వరసలో పెట్టి నీడలో కూర్చుని మాట్లాడుకునేవాళ్లు. మనిషి లేకపోయినా ఫరవాలేదు, బిందె ఉంటే నంబరు ఉన్నట్టే. నా బిందె పక్కన వాడు కూర్చునేవాడు. అరగంటైనా, గంటైనా కదలడు. నేను వెళ్లి బిందె ఎత్తితేనే లేచేవాడు.

"ఏందే పిల్లా, మా బిందెలకు కాపలా లేదు. నీ బిందెకు మాత్రం వాచ్‌మన్‌ను వెట్టినవ్?" అనేవాళ్లు.

"నా మాటంటే గంత గౌరవం అక్కా," అనేదాన్ని నేను, గర్వంగా. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది.

సార్ ఆదివారం ఒక్కరోజే వాణ్ణి తిప్పేవాడు. చేతిలో బిందె ఉండదు కదా, వాడికి పగ్గాలుండవు. దసరా దాటాక ఒక ఆదివారం మేకల మంద అడ్డొచ్చింది. వాడు ఉరికాడు. సార్ గొలుసు వదల్లేదు. కొత్త రోడ్డు కోసం పోసిన కంకర కుప్ప మీద బోర్లా పడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. ఆరు వారాలు పిండికట్టు. ఎడమ చేతి ఒక్క వేలితో కంప్యూటర్ కొట్టాల్సి వచ్చింది.

కట్టు విప్పిన రోజు హాల్లో మాటలు వంటింట్లో ఉన్న నాకు వినబడ్డాయి.

"నాకు దాని మీద కోపమేం లేదు," అన్నాడు సార్. "కానీ మళ్లీ పడితే నా ఉద్యోగం ఏం కావాలి? శంకరపల్లి అవతల మావాడి కోళ్ల ఫారం ఉంది కదా. అక్కడ బోలెడంత చోటు."

"చోటెక్కడిదండీ! గేటు పక్కన గొలుసేసి కట్టేస్తారు. కోళ్లున్నాయి కాబట్టి వదలనని మీ ఫ్రెండే చెప్పాడు. రాత్రింబవళ్లు కట్టేసి ఉంచితే వాడు బతుకుతాడా?"

నేను ఆగలేక గరిటె పట్టుకునే హాల్లోకి పోయాను. "సార్, నాతోని మంచిగ నడుస్తడు సార్. నా మాట ఇంటడు."

"నువ్వు అలాగే అంటావమ్మా."

"ఒట్టు సార్. కావాలంటే పరీక్ష పెట్టుండ్రి."

పరీక్ష అన్న మాట మేడం పట్టుకుంది. పశువుల డాక్టరు గోడ మీద ఒక కాగితం చూసిందట. క్రిస్మస్ పండగ అయ్యాక గచ్చిబౌలిలో కుక్కలకి ఒక పోటీ. అందం చూసే పోటీ కాదు, మాట వినే పోటీ. మైదానంలో పది బోర్డులు పాతుతారు. ఒక్కో బోర్డు మీద ఒక బొమ్మ. బాణం ఉంటే తిరగాలి, కూర్చున్న కుక్క బొమ్మ ఉంటే కూర్చోబెట్టాలి. గొలుసు లాక్కూడదు, చేతిలో ఏమీ ఉండకూడదు, కుక్కని ముట్టుకోకూడదు. మాట్లాడొచ్చు, సైగ చెయ్యొచ్చు. పదింట్లో ఏడు సరిగ్గా చేస్తే పాసు. ముందు నెలంతా ఆదివారాలు మాస్టారు నేర్పిస్తారు.

సార్ చాలాసేపు మణికట్టు తిప్పి చూసుకున్నాడు. "సరే. ఏడు చేస్తే ఉంటాడు. లేకపోతే మర్నాడు, సోమవారం సాయంత్రం, ఫారం జీపు వస్తుంది. అప్పుడు మీరిద్దరూ నాతో పోట్లాడకూడదు."

"పోట్లాడం సార్," అన్నాను. గెలిచేసినంత ధీమా నాకు.

ఆ ధీమా మొదటి ఆదివారమే తుమ్మ పొదల్లో పోయింది. సిగ్గు చచ్చి, "ఇంటికాడ బిందె వట్టుకొని పోతే మంచిగనే నడుస్తడు సార్, ఈడనే ఏందో..." అని మాస్టారుతో గొణిగాను. ఆయన మీసం మెలేసి, "అట్లనా? వచ్చే ఆదివారం బిందె గూడ పట్కరా," అన్నారు. అలా పట్టుకుపోయిన రోజే నేను మొదట చెప్పిన రోజు. కొండాపూర్ నుంచి గచ్చిబౌలి దాకా నిండు బిందెతో నడిచాను. రోడ్డు మీద లారీవాళ్లు కూడా ఆపి చూశారు.

నేను ఏడుస్తుంటే మాస్టారు బిందె తెచ్చి నా ముందు పెట్టారు. వాడూ వచ్చి బిందె పక్కన కూర్చున్నాడు, నా పక్కన కాదు.

"ఎందుకేడుస్తవ్? నేను ముప్పయి ఏండ్లు కుక్కలతోటి పనిచేసిన. బిందెతోటి నేర్పినోళ్లను ఎన్నడు చూడలే. నేర్పినవ్, గది నిజం. తెల్వకుండ నేర్పినవ్, గంతే."

"మరి పోటీల బిందె పట్టుకోనియ్యరు గద సార్!"

"పట్టుకోనియ్యం. అయితే ఒకటేసారి గుంజుకుంటే వాడు పరేషాన్ అయితడు. బిందెను జర జర మాయం చెయ్యాలె. వాడికి తెల్వకుండ చెయ్యాలె."

ఇక ఆ నెలంతా నాకు అదే పని. ఇంటికి కావల్సిన నీళ్లు ఒక తిరుగుడు, వాడి చదువు ఇంకో తిరుగుడు. మొదట నిండు బిందె. నాలుగు రోజులకి సగం బిందె. తర్వాత ఖాళీది. తర్వాత ప్లాస్టిక్‌ది, పిల్లలు ఆడుకునేంత చిన్నది. తర్వాత చెంబు. చెంబు నడుం మీద నిలవదు, మోచేత్తో నొక్కిపెట్టుకుని నడిచేదాన్ని.

"ఏందే, గీ చెంబు తెచ్చుకుంటున్నవ్? మీ మేడమోళ్లు నీళ్లు తాగుడు బంద్ వెట్టిన్రా?" అని బోరింగ్ దగ్గర ఒకామె.

"కుక్కకు పోటీ ఉంది అక్కా."

"చెంబులు మోసే పోటీనా? అయితే మేము గూడ వస్తం. మాకే ఫస్టు."

చెంబు కూడా మానేసిన రోజు వాడు రోడ్డు మధ్యలో ఆగిపోయాడు. నా నడుం వైపు చూశాడు, నా మొహం వైపు చూశాడు, మళ్లీ నడుం వైపు. పోగొట్టుకున్న వస్తువు ఎక్కడుందో నాకు తెలిసీ దాచిపెట్టానన్నట్టు. నాకు ప్రాణం ఉసూరుమంది. బోరింగ్ కింద చున్నీ కొస తడుపుకుని నడుముకి చుట్టుకున్నాను. ఎడం చెయ్యి బిందెని చుట్టినట్టు వంచాను. చుక్కలు వాడి నెత్తి మీద పడ్డాయి. ముక్కు ఎగబీల్చి, నాలుక చాచి, నడిచాడు. తర్వాత వారానికి చున్నీ పొడిదైపోయింది. వంచిన చెయ్యి ఒక్కటే మిగిలింది. కూర్చోబెట్టాలంటే బిందె దించినట్టు వంగేదాన్ని. లేపాలంటే ఎత్తుకున్నట్టు లేచేదాన్ని. సెవెన్ సీటర్‌లో కూర్చున్నా నా చెయ్యి అలాగే ఉండేది. పక్కావిడ, "జర చెయ్యి లోపటికి వెట్టుకో అమ్మా, నా పక్కటెముకలు ఇరుగుతున్నయ్" అని కసిరేది.

పోటీ ఆదివారం. మా ఇంట్లో ఆదివారం అంటే చర్చి. శనివారం సాయంత్రం బియ్యం ఏరుతూ అమ్మ మొదలుపెట్టింది.

"దేవునికంటె కుక్క ఎక్కువైందా నీకు?"

"గా కుక్కను చేసింది గూడ దేవుడే గదనే అమ్మా."

"నోరు మూయ్. పాస్టరుకు చెప్పాల్నా గిట్లాంటివి? పొద్దుగాల ఆరున్నర ఆరాధనకు వచ్చి, గటు నుంచి పో."

పొద్దున్నే పోయాను. ప్రార్థన అవసరాలు చెప్పే సమయంలో మా అమ్మ కొంగు సర్దుకుని లేచి నిలబడింది. "నా బిడ్డకు ఇయ్యాల ఒక పరీక్ష ఉన్నది. అందరు ప్రార్థన చెయ్యిన్రి," అని కూర్చుంది. అందరూ కళ్లు మూసుకుని నా కోసం గట్టిగా ప్రార్థన చేశారు. బయటికి వస్తుంటే ముగ్గురు నా చెయ్యి పట్టుకుని, "టెన్త్ కట్టినవా తల్లీ? మంచి పని చేసినవ్," అన్నారు. అమ్మ నా వైపు చూడకుండా, "నేను అబద్ధం చెప్పలే," అంది.

పోటీకి ఇరవై దాకా కుక్కలొచ్చాయి. జూబ్లీహిల్స్ నుంచి కార్లలో వచ్చినవాళ్లు, టోపీలు, బూట్లు, మెరిసే తోలు పట్టీలు. నేను చుడీదార్, రబ్బరు చెప్పులు. సార్, మేడం స్కూటర్ మీద వచ్చి తాడు బయట నిలబడ్డారు. మార్కులు వేసేది మాస్టారే. అయితే ఆ రోజు నన్ను ఎప్పుడూ చూడనట్టు, "నంబర్ పద్నాలుగు, లోపటికి రా" అన్నారు.

చేతులు రెండూ తెరిచి చూపించాను. ఏమీ లేవు. తర్వాత ఎడం చెయ్యి వంచి నడుం మీద పెట్టుకున్నాను.

తాడు బయట ఎవరో, "పాపం, ఆ అమ్మాయికి నడుం నొప్పనుకుంటా," అన్నారు.

మొదటి బోర్డు, ఎడమ బాణం. తిరిగాడు. రెండో బోర్డు, కుడి బాణం. తిరిగాడు. మూడోది కూర్చున్న కుక్క బొమ్మ. వంగి, లేని బిందెని జాగ్రత్తగా నేల మీద దించాను. కూర్చున్నాడు. చుట్టూ నవ్వులు. నవ్వుకోనీ అనుకున్నాను.

నాలుగో బోర్డు మీద పరుగెత్తే మనిషి బొమ్మ. పరుగెత్తాను. వాడు పరుగెత్తలేదు! నిండు బిందెతో ఎవరైనా పరుగెత్తుతారా? వాడి జన్మలో చూడలేదు. నీళ్లు ఒలికిపోతాయన్నట్టు తాపీగా వచ్చాడు, గొలుసు బిగుసుకుంది. పోయింది. ఐదోది మెల్లగా నడవడం. అందులో మాత్రం మమ్మల్ని మించినవాళ్లు లేరు. ఆరోది గుండ్రంగా తిరగడం, అయింది. ఏడోది పడుకోబెట్టడం. పడుకున్నాడు, కానీ బోరింగ్ దగ్గర బురద గుర్తొచ్చిందేమో, వెల్లకిలా తిరిగి నాలుగు కాళ్లూ గాల్లో పెట్టి పొర్లాడు. పోయింది. ఎనిమిదోది వాణ్ణి కూర్చోబెట్టి నేను చుట్టూ తిరిగి రావడం, అయింది. తొమ్మిదో బోర్డు దగ్గర పళ్లెంలో బిస్కెట్లు, ముట్టకుండా దాటిపోవాలి. దాని గురించి చెప్పడానికేం లేదు. మూడు బిస్కెట్లు.

ఆరు అయ్యాయి. ఇంకొక్కటి కావాలి. ఒక్క బోర్డే మిగిలింది.

పదో బోర్డు మీద కూర్చున్న కుక్క, దాని నుంచి దూరంగా పోతున్న పాదాల గుర్తులు. కుక్కని అక్కడే వదిలి ఇరవై అడుగులు పోవాలి. ఒక నిమిషం అది కదలకూడదు. ఇది మాకు వచ్చిన పనే కదా, బోరింగ్ దగ్గర గంటసేపు కూర్చునేవాడే కదా అనుకున్నాను. లేని బిందె దించాను. కూర్చున్నాడు. నేను నడిచాను. పదిహేనో అడుగు దగ్గర నాకు వెలిగింది. బోరింగ్ దగ్గర నేను పోయినా బిందె ఉండేది. ఇక్కడ నేను పోతే వాడి పక్కన ఏముంది?

వెనక్కి తిరిగి చూశాను. వాడు నేను బిందె దించిన చోటు వాసన చూస్తున్నాడు. అటు చూశాడు. ఇటు చూశాడు. మాస్టారు బల్ల పక్కన, కుక్కలు తాగడానికి పెట్టిన నీళ్ల బకెట్ ఉంది. వాడు లేచాడు.

"అరేయ్," అన్నాను.

వాడు తిన్నగా బకెట్ దగ్గరికి పోయి, దాని పక్కన నిటారుగా కూర్చున్నాడు. ఒక్క చుక్క తాగలేదు. తోక కూడా ఊపలేదు. నిమిషం అయింది. తర్వాతి నంబరు అల్సేషియన్ వచ్చి వాడి ముఖం పక్కనే మూతి పెట్టి నీళ్లు తాగింది. వాడు జరగలేదు. మా నంబరు పోకూడదు కదా! రెండో నిమిషం కూడా అయిపోయింది. నేను వెళ్లి చెయ్యి వంచి లేచినట్టు చేస్తేనే లేచాడు.

మాస్టారు పెన్ను పట్టుకుని చాలాసేపు కాగితం చూశారు.

"బోర్డు కాడ కూసోవాలె బిడ్డా. బకెట్ కాడ కాదు," అన్నారు చిన్నగా. "ఆరు."

"తెలుసు సార్."

"ముప్పయి ఏండ్లల్ల గింత గట్టిగ కూసున్న కుక్కను నేను చూడలే. అయినా ఆరే."

తాడు దాటి బయటికి వచ్చాను. ఏడవకూడదనుకున్నాను గానీ మేడం మొహం చూడగానే వచ్చేసింది. మేడం నా భుజం మీద చెయ్యి వేసింది. సార్ వాడి వైపు చూస్తున్నాడు. వాడు సార్ బూటు వాసన చూశాడు. సార్ ఒకడుగు వెనక్కి వేశాడు. అప్పుడు కనబడింది నాకు. ఆ మనిషికి కోపం లేదు. భయం. కుడి మణికట్టుని ఎడం చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"బాగా నేర్పావమ్మా," అన్నాడు. "కానీ అనుకున్న మాట అనుకున్నదే."

"సార్, ఆరోజు ఈయన," అని మాస్టారుని చూపించాను, "నా చేతుల బిందె తీసుకుంటే నన్ను ఇడిసిపెట్టి ఈయన ఎంబడి పోయిండు సార్. నేనే అక్కర్లేదు వాడికి. ఎవరైనా సరే, బిందె ఉంటే చాలు. మీరు పట్టుకున్నా మంచిగనే నడుస్తడు."

"నేనా? బిందె?"

"జీపు రేపు సాయంత్రం గద సార్ వచ్చేది. పొద్దున ఖాళీనే గద."

మేడం ఏడుస్తూనే నవ్వింది. "అమ్మాయి చెప్పింది నిజమే కదండీ. సాయంత్రం అన్నారు మీరు."

"కొండాపూర్ రోడ్డు మీద నేను బిందెతో నడవాలా? ఆఫీసు వాళ్లు చూస్తే?"

"ఆఫీసోళ్లు ఎనిమిదింటి దాక లేవరు సార్. రోజు చూస్త గద నేను."

సార్ మధ్యాహ్నం ఇంటికి పోయాక వాడి పళ్లెం, దువ్వెన, పడుకునే గోనెపట్టా తనే ఒక సంచిలో సర్ది వరండాలో పెట్టాడు. నేను ఆ సంచి మీదికి చూపు పోకుండా తల తిప్పుకుని చందానగర్ వెళ్లిపోయాను. అమ్మ అడిగింది, పరీక్ష ఏమైందని. "సప్లిమెంటరీ," అన్నాను.

మర్నాడు మొదటి సెవెన్ సీటర్ పట్టుకుని వచ్చాను. ఇంకా సరిగ్గా తెల్లవారలేదు. బిందె తోమాను, తోమిందే మళ్లీ తోమాను. కొళాయి కింద పట్టి సగానికి నింపాను, తొణకాలి కదా. తల ఎత్తితే సార్ వరండా మెట్టు మీద నిలబడి ఉన్నాడు. లుంగీ, పైన స్వెటర్, కాళ్లకి ఆఫీసు బూట్లు.

"ఏ పక్క పెట్టుకోవాలి?" అన్నాడు.

దగ్గరికి పోయి సార్ ఎడమ నడుం మీద బిందె పెట్టాను. చెయ్యి ఎలా చుట్టాలో చూపించాను. గొలుసు కుడిచేతికి ఇచ్చాను, విరిగిన చేతికే. వాడు ఆవులించి, ఒళ్లు విరుచుకుని, వచ్చి బిందె కింద నిలబడ్డాడు. ఒక చుక్క వాడి నెత్తి మీద పడింది. నాలుక చాచాడు.

"ఉరకకుండ్రి సార్. మెల్లగ పోండ్రి. నంబరు పెట్టి నీడకు కూసోండ్రి, అక్కలు ఏమన్నా అంటే నవ్వుండ్రి."

"నువ్వు రావా?"

"రాను సార్."

గేటు తీశాను. ఇద్దరూ బయటికి పోయారు. గొలుసు ఊయలలా వేలాడుతూ ఉంది. మలుపు దాకా అలాగే ఉంది. మలుపు తిరిగాక బోరింగ్ వైపు నుంచి ఆడవాళ్ల అరుపులు, నవ్వులు ఒక్కసారిగా వినబడ్డాయి. మేకలు కూడా అరిచాయి. పరుగెత్తిన చప్పుడు మాత్రం వినబడలేదు.

నేను గేటు వేసి లోపలికి వచ్చి, వరండాలో సంచి విప్పి, వాడి పళ్లెం బయటికి తీసి కడిగి, వంటింటి గడప పక్కన ఎప్పుడూ ఉండే చోట పెట్టాను.